‘ముందుకు వెళ్లిపోండి’ అనేది తప్పు సలహా

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో నాస్ బాక్స్ (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఉంచే ఫైళ్ల డిస్కు) పెట్టుకుని బయటి నుంచి తెరవబోతే బ్రౌజర్ ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని అడ్డుపడుతుంది. అప్పుడు అమ్మినవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు చెప్పేది ఒకటే: ‘‘అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లిపోండి, మన బాక్సే కదా.’’ ఈ సలహా ప్రమాదకరం. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఊళ్లో ఇంటి డిస్కులో పెళ్లి ఫొటోలు, ఆధార్ కాపీలు, పొలం దస్తావేజుల స్కాన్లు దాచుకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

సర్టిఫికెట్‌ అనే డిజిటల్ గుర్తింపు పత్రం మీద నమ్మకం కుదరకే బ్రౌజర్ ఆ హెచ్చరిక ఇస్తుంది. దాని వల్ల రెండు పనులు జరగాలి. వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేకుండా ఉండాలి, అవతల ఉన్నది మన బాక్సేనని రుజువు కావాలి. కొత్త నాస్ తనకు తానే సంతకం చేసుకున్న సర్టిఫికెట్‌తో వస్తుంది. దానితో మొదటి పని జరుగుతుంది, రెండోది జరగదు. హోటల్ వైఫైలో ఎవరైనా మధ్యలో దూరి తన సర్టిఫికెట్ చూపించినా వచ్చేది అచ్చం అదే హెచ్చరిక. రోజూ దాన్ని దాటేయడం అలవాటైనవారు ఆ రోజూ దాటేస్తారు. అడ్మిన్ పాస్‌వర్డ్ అతని చేతికి వెళుతుంది.

ఇంట్లో కూర్చుని 192.168.1.20 లాంటి లోపలి ఐపీ చిరునామాతో తెరిచినప్పుడు వచ్చే హెచ్చరిక అంత భయపడాల్సింది కాదు. అయితే నాస్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా అది పోదు. ఈ చిరునామాలు ఇంటింటా ఉంటాయి కనుక వాటి పేరిట ఏ గుర్తింపు పొందిన సంస్థా సర్టిఫికెట్ ఇవ్వదు. ముందు బాక్సుకు ఇంటర్నెట్‌లో చెల్లే పేరు ఒకటి ఉండాలి.

హెచ్చరిక కింద చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చదివితే సగం జబ్బు తెలిసిపోతుంది. అందులో ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అని ఉంటే సొంత సంతకం సర్టిఫికెట్ ఇంకా వాడుకలో ఉందన్నమాట. ‘డేట్ ఇన్‌వాలిడ్’ అంటే గడువు తీరింది, లేదా మీ ఫోన్, ల్యాప్‌టాప్ గడియారం తప్పు చూపిస్తోంది. ‘కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అంటే మీరు టైప్ చేసిన పేరు సర్టిఫికెట్‌లో లేదు. ఈ మూడోదే ఎక్కువ తికమక పెడుతుంది. పేరుకు బదులు ఐపీ చిరునామా కొట్టినా ఇదే వస్తుంది. బ్రౌజర్ సురక్షిత పేజీ కోసం తట్టే తలుపు లాంటి 443 పోర్టును రౌటర్ తన సొంత అడ్మిన్ పేజీకి వాడుకుంటుంటే నాస్ బదులు రౌటరే జవాబిస్తుంది, ఆ సర్టిఫికెట్ చూసి బ్రౌజర్ ఆగిపోతుంది. బయట బాగా పనిచేసే పేరు ఇంట్లో మాత్రం మొరాయిస్తే రౌటర్‌లో నాట్ లూప్‌బ్యాక్ (ఇంట్లోంచి బయటి పేరుతో పిలిచినా తిరిగి ఇంట్లోని నాస్‌కు చేర్చే సదుపాయం) లేదని అనుమానించాలి. పేరును ఐపీ చిరునామాగా మార్చే రౌటర్ డీఎన్ఎస్‌లో ఆ పేరుకు నాస్ లోపలి చిరునామా రాస్తే సరిపోతుంది.

పరిష్కారానికి డబ్బు ఖర్చు లేదు. సినాలజీ కంపెనీ బాక్సులో దాని సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7 ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఎక్స్‌టర్నల్ యాక్సెస్, అందులో డీడీఎన్ఎస్‌కు (ఇంటి ఐపీ మారినా పేరు చెల్లేలా చూసే సేవకు) వెళ్లి కంపెనీ ఉచితంగా ఇచ్చే పేరు ఒకటి తీసుకోవాలి. అక్కడే ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ తెచ్చుకునే గడి ఉంటుంది, టిక్ పెట్టాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, హెచ్చరిక ఇంకా పోలేదని వాపోతారు. సెక్యూరిటీ, సర్టిఫికెట్, సెట్టింగ్స్‌లో ఏ సేవకు ఏ సర్టిఫికెట్ అన్న పట్టిక ఉంటుంది. అక్కడ పాతది మిగిలి ఉంటే కొత్తది వచ్చినా ఉపయోగం లేదు. క్యూనాప్ కంపెనీ బాక్సులో ఇదే పని దాని మైక్యూనాప్‌క్లౌడ్ సేవ ద్వారా చేసుకోవచ్చు.

సొంత డొమైన్ (కొనుక్కున్న ఇంటర్నెట్ పేరు) వాడేవారికి ఇంకో చిక్కు ఉంది. మామూలు పద్ధతిలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ 80 పోర్టు ద్వారా వచ్చి ఆ పేరు మీదేనా అని తనిఖీ చేస్తుంది. సర్టిఫికెట్ వచ్చాక ఆ పోర్టు మూసేస్తే అప్పటికి అంతా బాగుంటుంది. 90 రోజుల గడువులోపు జరగాల్సిన పునరుద్ధరణ మాత్రం విఫలమవుతుంది. అందుకే మూడు నెలల తర్వాత ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అన్న ఫిర్యాదు వస్తుంది. 80 పోర్టును తెరిచి ఉంచలేనివారు డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డు పెట్టే పద్ధతికి మారాలి. డబ్బిచ్చి సర్టిఫికెట్ కొని చేత్తో మార్చుకోవడం ఇక గిట్టుబాటు కాదు: గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే.

ఇంత చేసినా పేజీ అసలు తెరుచుకోకపోతే తప్పు సర్టిఫికెట్‌ది కాదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ నెట్ కంపెనీ ఒకే చిరునామాను చాలామందికి పంచుతోంది. అలాంటి కనెక్షన్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును రౌటర్ నాస్‌కు మళ్లించే సెట్టింగ్) ఎంత చేసినా బయటి నుంచి పిలుపు లోపలికి రాదు. స్టాటిక్ ఐపీ (మారని, మీ ఒక్కరికే చెందిన చిరునామా) కొనుక్కోవాలి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మీ పరికరాల మధ్య గుప్త సొరంగం లాంటి దారి) వాడాలి.

నా మటుకు స్టాటిక్ ఐపీ ఉన్నా రెండోదే మేలంటాను. సినాలజీ లాగిన్ పేజీ ఉండే 5001 పోర్టును లోకానికి తెరిచిపెట్టి, మంచి సర్టిఫికెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ బాక్సుల్లోకి సాఫ్ట్‌వేర్ లోపాల గుండా చొరబడి ఫైళ్లకు తాళం వేశాయి. అలాంటి దాడిని సర్టిఫికెట్ ఆపలేదు. వీపీఎన్ గుండా వెళితే నాస్ లాగిన్ పేజీ బయటి వాళ్లకు కనిపించదు. వీపీఎన్‌లోనూ ఐపీ కొడితే హెచ్చరిక వస్తుంది, పేరుతోనే తెరవాలి. రౌటర్‌లో డీఎన్ఎస్ రీబైండ్ రక్షణ (బయటి పేరుకు లోపలి చిరునామా జవాబుగా వస్తే అడ్డుకునేది) ఉంటే ఆ పేరుకు మినహాయింపు ఇవ్వాలి. పాత పీపీటీపీ వీపీఎన్ మాత్రం వద్దు, దాన్ని ఛేదించడం ఎప్పుడో తేలికైపోయింది.

పేరు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్ బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతికి చూడొచ్చు. ఇంటిపేరు, ఊరి పేరు, క్లినిక్ పేరు అందులో పెట్టకండి.

నాస్ అమర్చే దుకాణాల వారికి నా విన్నపం ఒకటే. పని ముగించే ముందు యజమాని ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఆ పేరుతో ఒకసారి తెరిచి చూపించండి. హెచ్చరిక వస్తే పని ఇంకా అయిపోలేదు, బిల్లు రాయకండి.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీర్, విజయవాడ