తెర వెనుక మనుషుల గురించి

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఫ్రెంచి విప్లవం మొదలుకొని నేటి యుద్ధాల వరకు అన్నింటినీ ఇల్యుమినాటి అనే రహస్య సంఘమే నడిపిస్తున్నదని నువ్వు రాసి, దాని వెనుక ఉన్నారంటూ కొందరు బ్యాంకర్ల జాబితా కూడా పంపావు కనుక, దాని గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

ఆ సంఘం కల్పన కాదు. 1776లో నేటి జర్మనీలో ఉన్న బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆడమ్ వైస్‌హాప్ట్ దానిని స్థాపించాడు. పదేళ్లు నిండకుండానే అక్కడి ప్రభువు నిషేధించాడు. సోదాలలో దొరికిన కాగితాలను ప్రభుత్వమే అచ్చువేయించింది. విప్లవం వచ్చింది 1789లో. అయినా దానికి మూలం వీళ్ల పన్నాగమేనని 1797లో బారుయెల్ అనే జెస్యూట్ (క్యాథలిక్ మతసంఘం) గురువు సంపుటాలకు సంపుటాలు రాశాడు. రాజునూ చర్చినీ పోగొట్టుకున్నవాళ్లకు రొట్టె ధర, దివాలా తీసిన ఖజానా వంటి కారణాల కన్నా ఒక శత్రువు దొరకడమే ఊరటనిచ్చి ఉంటుంది.

అలాగని కుట్రలే లేవనను. ఇరాన్ చమురును 1951లో జాతీయం చేసిన ప్రధాని మొసాద్దెగ్‌ను 1953 ఆగస్టులో కూలదోయడంలో తన పాత్ర ఉన్నదని 2013లో వెల్లడైన పత్రాలలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ స్వయంగా ఒప్పుకుంది. కానీ ఆ కుట్ర సాగిన తీరు చూడు: మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది, ప్రధానిని తొలగించే ఫర్మానా తీసుకువెళ్లిన సైనికాధికారినే నిర్బంధించారు, ఇరాన్ రాజు షా బాగ్దాదుకు, అక్కడి నుంచి రోముకు పారిపోయాడు, ఆ తరువాత గానీ వీధి గుంపుల, సైన్యం సాయంతో పని పూర్తికాలేదు. అంత చేసి నిలబెట్టిన షా 1979లో దేశం విడిచిపోతుంటే ఆ కుట్ర పన్నినవాళ్లు ఆపలేకపోయారు. ఓటమే ఎరుగని అదృశ్యశక్తి కథ నాకు నమ్మశక్యంగా లేనిది ఇందుకే.

ఇటువంటి కథ చివరికి ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. యూదు పెద్దల రహస్య పథకమంటూ 1903లో రష్యా పత్రిక ఒకటి ప్రచురించిన రచనలో చాలా భాగం, ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్‌ను ఎద్దేవా చేస్తూ మారిస్ జోలీ 1864లో రాసిన పుస్తకం నుంచి ఎత్తిరాసినదేనని 1921లో లండన్ టైమ్స్ రుజువు చేసింది. జోలీ పుస్తకంలో యూదుల కుట్ర ఊసే లేదు. గుట్టు బయటపడిన తరువాత కూడా నాజీలు ఆ రచనను ప్రచారానికి వాడుకున్నారు.

నువ్వు పంపిన బ్యాంకర్ల జాబితాలో యూదులు కానివారు ఎందరో లెక్కచూసి నాకు రాయి.

ఇట్లు,
మీ నాన్న