చవితి చందా వరదకు ఎలా ఖర్చయింది: మన కమిటీ జమా ఖర్చుల వివరణ

కాలనీ వాసులకు, దాతలకు నమస్కారం.

దసరాలోపు లెక్క చెబుతామన్నాం, చెబుతున్నాం. బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగిన ఈ 2024లో చవితికి పందిరి లేదు, డీజే లేదు, లడ్డూ వేలం లేదు. పుస్తకంలో పద్దులు మాత్రం ఎప్పటికన్నా ఎక్కువే. వాటిలో ఒక పద్దు గురించి చాలామంది అడుగుతున్నారు. అందుకని ముందు మొత్తాలు చెప్పేసి, ఆ పద్దు దగ్గర కాస్త ఆగుతాం.

జమ: పోయినేడాది మిగులు రూ. 11,340. ఆగస్టు చివరిదాకా వసూలైన చవితి చందా రూ. 1,38,500. వరద వచ్చాక నగదుగా, ఫోన్‌పేలో వచ్చింది రూ. 1,93,716. హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో ఉన్న మన కాలనీ పిల్లలు పంపింది రూ. 1,04,000. మొత్తం రూ. 4,47,556.

అమెరికా డబ్బు గురించి ఒక మాట. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవాళ్ళు పంపితే వస్తుంది. దానికి కావాల్సిన అనుమతి మన కమిటీకి లేదు. అందుకే కొందరికి వద్దని చెప్పాం. చిన్నబుచ్చుకున్నవాళ్ళు ఉంటే మన్నించాలి.

చవితి చందా వరదకు మళ్ళించే ముందు ఇచ్చినవాళ్ళని అడిగాం. ఇద్దరు తప్ప అందరూ సరేనన్నారు. ఆ ఇద్దరి డబ్బు వెనక్కిచ్చాం, పై లెక్కలో అది లేదు. సెప్టెంబరు 7న చవితినాడు రామాలయంలో మట్టి వినాయకుణ్ణి పెట్టి పూజ చేశాం. బుడమేరు కట్టకు కొండపల్లి శాంతినగర్ దగ్గర పడ్డ మూడు గండ్లలో చివరిది పూడ్చింది కూడా ఆ రోజే. విగ్రహానికి, పూజకు రూ. 3,416. పెద్ద విగ్రహానికి ముందే ఇచ్చిన అడ్వాన్సు రూ. 10,000 పోయింది. బొమ్మ అప్పటికే తయారైపోయింది, చేసినాయన్ని తప్పు పట్టలేం.

ఇక వరద ఖర్చు. వంట సరుకులు, గ్యాసు రూ. 87,640. మంచినీళ్ళు రూ. 48,300. పాలు, పాలపొడి, బ్రెడ్డు, బిస్కెట్లు రూ. 39,275. మందులు రూ. 41,818. ఆడవాళ్ళ ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లు రూ. 16,920. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు రూ. 9,430. నీళ్ళు తీశాక ఇళ్ళు కడగడానికి బ్లీచింగు, ఫినాయిలు, పారలు, చీపుర్లు, మోటారు అద్దె రూ. 33,760. అన్నీ పోయిన కుటుంబాలకు స్టవ్వు, వంట సామాను రూ. 58,000. ఇవన్నీ కలిపి రూ. 3,35,143.

అందరూ అడుగుతున్నది దీని తర్వాతి పద్దు. పుస్తకంలో దానికి 'ఆరా ఖర్చు' అని పేరు పెట్టాం, అంటే ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో, ఏం కావాలో చూసి రావడానికైన ఖర్చు. అది రూ. 74,407. మొత్తం ఖర్చు రూ. 4,22,966లో నూటికి పదిహేడున్నర రూపాయలకు పైమాటే.

అందులో ఏమేం ఉన్నాయంటే:
పడవ అద్దె, పడవ నడిపినాయన కూలి: 24,000
పవర్ బ్యాంకులు, టార్చిలైట్లు, చేతి మైకు, ఫోన్లకు జిప్ కవర్లు: 14,870
లైఫ్ జాకెట్లు, తాళ్ళు, గమ్ బూట్లు: 12,600
ట్రాక్టరు డీజిలు, బళ్ళ పెట్రోలు: 11,460
ఫోన్ రీచార్జులు: 5,382
నీళ్ళలో దిగిన పిల్లలకు టీటీ ఇంజెక్షన్లు, మాత్రలు: 3,150
రిజిస్టర్లు, పెన్నులు, జెరాక్సులు, పెయింటు: 2,945

"జనం ఆకలితో అల్లాడుతుంటే పడవెక్కి చూసి రావడానికి డెబ్భై వేలా?" అని మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజుల్లో సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర నిలబడ్డవాళ్ళకైతే సగం జవాబు చెప్పకుండానే తెలుసు.

సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి సింగ్‌నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఇటు బుడమేరు, అటు కృష్ణ. ఊరి మనసు మంచిది. సాయంత్రానికల్లా ఫ్లైఓవరు మీద పులిహోర పొట్లాలు గుట్టలు పడ్డాయి. దూరపు ఊళ్ళ నుంచి కూడా లారీల్లో వచ్చాయి. అన్నం లేక కాదు, అది ఎక్కడికి పోవాలో తెలియక ఇబ్బంది వచ్చింది. ఫ్లైఓవరు దిగీ దిగగానే ఉన్న మేడల వాళ్ళకు ఒకే పూట మూడు రకాల పొట్లాలు అందాయి. డాబాకొట్లు సెంటరు దాటి లోపలి సందుల్లో ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు కూడా లేవు. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడు మొదటి నాలుగు విస్తళ్ళ దగ్గరే తిరుగుతుంటే చివర కూర్చున్నవాళ్ళ గతి ఏమిటో, అదే ఇక్కడా జరిగింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పడవ ఎక్కినవాడికి ముందు కనపడ్డ చేతిలో పొట్లం పెట్టబుద్ధి అవుతుంది. హెలికాప్టర్ల నుంచి వేసిన పొట్లాలు కొన్ని నీళ్ళపాలయ్యాయి, అవి మీరూ టీవీలో చూసే ఉంటారు.

అందుకని మన పిల్లలు ఒక నియమం పెట్టుకున్నారు. పొద్దున్నే వెళ్ళే మొదటి పడవలో మంచినీళ్ళు తప్ప సరుకు ఉండకూడదు. అది చూసి రావడానికే వెళ్తుంది. అన్నం పడవ అది తిరిగొచ్చాకే కదులుతుంది. ఈ నియమం వల్ల తిట్లు తిన్నారు. మేడల మీద నుంచి "ఫొటోలు తీసుకోడానికొచ్చారా" అన్నవాళ్ళు ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయినా ఆ పడవ వెళ్ళొచ్చిన సందుల్లోకి తర్వాత వెళ్ళిన అన్నం వృథా కాలేదు.

చూసిందల్లా రిజిస్టరులో రాశారు. వీధి, మేడ గుర్తు, మనుషులెంతమంది, నీళ్ళు మోకాలిదాకానా నడుందాకానా మెడదాకానా, జబ్బువాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు, చూసిన టైము, చూసినవాళ్ళ పేరు. చివరి గడిలో 'చూశాం' లేదా 'విన్నాం'. ఈ గడి పెట్టమన్నది ఇంజనీరింగు చదివే మన పక్క వీధి అమ్మాయి. చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే ఇదే. ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన సమాచారంలో విన్నదే ఎక్కువ. ఒక మేడ మీద పసిపాపకు పాలు కావాలని వచ్చిన మెసేజి మర్నాడూ తిరుగుతూనే ఉంది. ఆ కుటుంబాన్ని ముందు రోజే ఒడ్డుకు చేర్చారు. గండి మళ్ళీ తెగిందన్న పుకారు వచ్చిన రాత్రి కొందరు చీకట్లో నీళ్ళలోకి దిగబోయారు. టైము లేని మెసేజిని ముందుకు పంపొద్దని మన గ్రూపులో కట్టడి చేసింది అందుకే.

గుర్తుల సంగతి. మునిగిన వీధిలో ఇంటి నంబరు పనికిరాదు, అది నీళ్ళ కింద ఉంటుంది. గుడి గోపురం, చర్చి శిలువ, మసీదు మినారు, వాటర్ ట్యాంకు, సెల్ టవరు కనపడతాయి. "ట్యాంకుకు ఎడమ సందు, రెండో పచ్చ మేడ" అని రాస్తే పడవ నడిపేవాడికి చాలు. చేతి మైకులో ఒకటే చెప్పుకుంటూ పోయారు: జబ్బుమనిషి ఉంటే డాబా మీద ఎర్ర గుడ్డ, నీళ్ళు లేకపోతే తెల్ల గుడ్డ కట్టండి. మర్నాటికి ఏ పడవ వెళ్ళినా, ఎవరి పడవైనా, ఆ గుడ్డలు చూసుకుని ఆగింది.

లోపల కరెంటు లేదు, సిగ్నలు వచ్చీ రాక. ఫోను చచ్చిపోయిన ఇంటికి అన్నం ఎంత అవసరమో ఛార్జింగూ అంతే అవసరమని అక్కడికి పోతేనే తెలిసింది. పవర్ బ్యాంకులు ఒక మేడ మీద వదిలి, తర్వాతి పడవలో తెచ్చుకునేవాళ్ళు. ఆ ఛార్జింగుతో వాళ్ళే ప్రభుత్వ సహాయ నంబర్లు 1070కీ, 112కీ, చుట్టాలకీ ఫోన్ చేసుకున్నారు. రెండు తిరిగి రాలేదు, పోయాయని పుస్తకంలో రాశాం.

మందుల పద్దు చూస్తే ఈ ఆరా ఎందుకో తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్క మాత్ర మిగలలేదు. డబ్బాలకు డబ్బాలు కొనలేదు మరి. పైనుంచి బుట్టలో దింపిన ఖాళీ మాత్రల షీటుకు ఫొటో తీసి, ఆ మందే కొన్నాం. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్సు మందులే ఎక్కువ. ఇన్సులిన్ థర్మాస్‌లో ఐసు పెట్టి పంపాం. పారాసెటమాల్ ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, మేం దాని జోలికి పోలేదు. నెలలు నిండిన అమ్మాయి, డయాలసిస్ రోజు దాటిపోయిన పెద్దాయన, ఇలాంటి వివరాలు మా పడవతో తేలేవి కావు. చీటీ రాసి ఫ్లైఓవరు దగ్గరున్న వార్డు సచివాలయం సిబ్బందికిచ్చాం, వాళ్ళు జాతీయ విపత్తు దళం (ఎన్డీఆర్‌ఎఫ్) పడవల వాళ్ళకు చెప్పారు. డ్రోన్లు వచ్చాక ఏ డాబా మీద దింపాలో కూడా ఈ చీటీల్లోంచే కొన్నిసార్లు చెప్పగలిగాం.

పడవ అద్దె ఎక్కువంటే ఎక్కువే. మొదటి రోజు అడిగినంతా ఇచ్చాం, బేరమాడే పరిస్థితి లేదు. తర్వాత ఆయనే సగానికి తగ్గించాడు. రసీదు లేదు, పుస్తకంలో వేలిముద్ర ఉంది. లైఫ్ జాకెట్ల మీద ప్రశ్నలు వద్దు. తెరిచిన మ్యాన్‌హోళ్ళు, పాములు, తెగిన తీగలు ఉన్న నీళ్ళలోకి మీ పిల్లల్నే పంపాం. ఈత రానివాళ్ళని ఒడ్డు మీదే రిజిస్టరు రాయడానికి కూర్చోబెట్టాం. కొందరు అలిగారు కూడా.

నీళ్ళు తీశాక రిజిస్టరుకు అనుకోని పని పడింది. ప్రభుత్వం 179 సచివాలయాల పరిధిలో నీళ్ళలో ఉన్న కింది ఇంటికి రూ. 25,000, పై అంతస్తులకు రూ. 10,000 ప్రకటించింది. లెక్క రాసుకునేవాళ్ళు వచ్చేసరికి చాలామంది అద్దెకున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళలో ఉన్నారు. తలుపు తాళం వేసి ఉందని పేరు రాయలేదు. అలాంటివాళ్ళు అడిగితే ఫలానా తేదీన వాళ్ళు ఆ మేడ మీద ఉన్నట్టు మనం రాసుకున్న వరసను జెరాక్సు తీసి ఇచ్చాం, మిగతా వరసలు కప్పి. అర్జీతో జతచేశారు. కొందరికి డబ్బు వచ్చింది, కొందరికి ఇంకా తేలలేదు.

రిజిస్టరు మొత్తం గ్రూపులో పెట్టమని అడుగుతున్నారు. పెట్టం. లెక్కల పుస్తకం వేరు, అది ఎవరైనా చూడొచ్చు. రిజిస్టరులో ఎవరికి ఏ జబ్బో, ఏ ఇంట్లో ఒంటరి ఆడమనిషి ఉందో రాసి ఉంది. అర్జీల పని అయ్యాక ఆ గడుల కాగితాలు చింపేయాలని కమిటీలో అనుకున్నాం.

నిల్వ రూ. 24,590, బ్యాంకులోనే ఉంది. దాన్ని వచ్చే చవితికి జమ వేయాలని కొందరూ, జాకెట్లు, తాళ్ళు, పవర్ బ్యాంకులు పెట్టుకోడానికి ఒక ఇనప బీరువా కొని మిగతాది విడిగా ఉంచాలని కొందరూ అంటున్నారు. బుడమేరు 2005లోనూ వచ్చింది, ఇప్పుడూ వచ్చింది. రాసేవాళ్ళం బీరువా వైపే. తేల్చాల్సింది మీరు.

అక్టోబరు 6 ఆదివారం ఉదయం పది గంటలకు రామాలయం అరుగు మీద పుస్తకం, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు పెడతాం. బిల్లు లేని ఖర్చులకు పక్కన ఎర్ర చుక్క ఉంటుంది, ముందు అవే చూడండి. జాకెట్లు ఇళ్ళకు తీసుకెళ్ళినవాళ్ళు అదే రోజు తెచ్చి అప్పగించాలి, నాలుగు ఇంకా రావాలి.

ఇట్లు,
కమిటీ సభ్యులు