కాగితం దగ్గరే ఓడిపోతున్నాం

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో టెండరు ప్రకటనల పేజీ ఒకటి వస్తుంటుంది కదా, చీమల్లాంటి అక్షరాలతో, డబ్బాలు డబ్బాలుగా. ఆ పేజీని మా షాపులో చాలా ఏళ్లు ఒకే ఒక్క పనికి వాడాం, బీరువాకు రంగు కొట్టేటప్పుడు కింద పరవడానికి. నాది నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న వెల్డింగ్ షాపు. నాతో కలిపి ఆరుగురం, బీరువాలు, ర్యాకులు, ఇనుప మంచాలు, బడి బెంచీలు చేస్తాం. గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ "సర్కారు ఆర్డర్లు మనకెందుకే అన్నా, అవన్నీ హైదరాబాద్‌ల సెట్ చేసుకుంటరు" అని ఎన్నిసార్లు అనుకున్నామో లెక్క లేదు. ఆ మాటలో నిజం లేదని నేను అనను, రింగు కట్టేవాళ్లు ఉన్నారు, ముందే మాట్లాడుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ నాలుగేళ్లుగా నేనే కూర్చుని టెండర్లకు బిడ్లు వేస్తుంటే తెలిసిందేమంటే, మాలాంటి వాళ్లలో ఎక్కువ మందిమి ధర చెప్పేదాకా కూడా పోవడం లేదు, అంతకంటే ముందే ఏదో ఒక కాగితం దగ్గర బయటపడిపోతున్నాం.

నా మొదటి బిడ్ సంగతే చెప్తాను. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థకు స్టీలు ర్యాకులు కావాలని జెమ్ పోర్టల్లో, అంటే ప్రభుత్వ సంస్థలు సరుకులు కొనే వెబ్‌సైట్‌లో, వచ్చింది. ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, కట్టక్కర్లేదు, చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే చాలని ఎవరో చెప్పారు, నా దగ్గర ఉంది కాబట్టి ధైర్యంగా వేశాను. టెక్నికల్‌లోనే, అంటే ధర చూడకముందే కాగితాలు చూసే దశలోనే, కొట్టేశారు. కారణం చూస్తే నా ఉద్యమ్‌లో నేను తయారీదారుణ్ని కాదట, ట్రేడర్‌నట! మూడు వెల్డింగ్ మిషన్లు, ఒక షీరింగ్ మిషన్, చేతుల నిండా కాలిన మచ్చలు ఉన్న నేను ట్రేడర్‌నెట్లా అయ్యానంటే, నెట్ సెంటర్ పిల్లగాడు రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు "అన్నా, నువ్వు అమ్ముతవు కదా" అని ట్రేడింగ్ మీద నొక్కాడు. వాణ్ని తిట్టి లాభం లేదు, నేను చూసుకోలేదు. ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితమని కూడా అప్పుడు నాకు తెలియదు, 800 రూపాయలు ఇచ్చి వచ్చాను.

ఈ ఒక్క ముక్క కోసమే అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. 2021 నుంచి చిల్లర, టోకు వ్యాపారులకు కూడా ఉద్యమ్ ఇస్తున్నారు కానీ అది బ్యాంకు అప్పుల వరకే పనికొస్తుంది, టెండర్లలో వచ్చే మినహాయింపులు వాళ్లకు రావు. తయారు చేసేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకు మాత్రమే వస్తాయి. కాబట్టి ఇది చదివిన వాళ్లు ఇవాళే మీ సర్టిఫికెట్ తీసి అందులో మాన్యుఫాక్చరింగ్ అని ఉందా, సర్వీసెస్ అని ఉందా, ట్రేడింగ్ అని ఉందా, మీరు చేసే పనికి సరిపోయే నిక్ కోడ్ (ఏ రకం పనో చెప్పే నంబరు) ఉందా చూసుకోండి. తప్పుంటే ఆధార్‌కు వచ్చే ఓటీపీతో పోర్టల్లోనే మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నేను మార్చుకోవడానికి పట్టింది అరగంట, అది తెలియక పోగొట్టుకున్నది ఆ ఆర్డరు.

ఇంతకూ ఆ మినహాయింపులు ఏమిటంటే, కేంద్రం 2012లో సూక్ష్మ, చిన్న సంస్థల కోసం ఒక కొనుగోలు విధానం తెచ్చింది, 2015 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. మొదట్లో 20 శాతం ఉండేది, ఇప్పుడు కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదిలో కొనేదాంట్లో కనీసం 25 శాతం మనలాంటి వాళ్ల దగ్గరే కొనాలి. ఆ 25లోనే 4 ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి, 3 మహిళలు నడిపే సంస్థల నుంచి. ఇవి కాక 358 రకాల వస్తువులు మన దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకూడదని జాబితా ఉంది, స్టీలు బీరువాలు, కుర్చీల నుంచి చీపుర్లు, పచ్చళ్ల దాకా అందులో ఉన్నాయి. నారాయణపేటలో మా వదిన వాళ్ల సంఘం పచ్చళ్లు పెట్టి జాతరల్లో స్టాల్ వేసుకుని అమ్ముతుంది. ఈ జాబితా గురించి ఫోన్లో చెబితే "నిజమేనా మరిదీ, పచ్చళ్లు కూడా కొంటరా సర్కారోళ్లు" అని నవ్వింది. కొంటారు వదినా, హాస్టళ్లలో, క్యాంటీన్లలో తినేది మనుషులే కదా.

ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఒక పెద్ద కంపెనీ ఎల్-వన్‌గా, అంటే అందరికంటే తక్కువ ధరగా, 100 రూపాయలు కోట్ చేసింది, మీరు 112 అన్నారు అనుకోండి. మామూలుగా అయితే మీ పని అయిపోయినట్టే. కానీ ఈ విధానం ప్రకారం ఎల్-వన్ ధర మీద 15 శాతం లోపల ఉన్న చిన్న సంస్థను పిలిచి, ఆ 100కే ఇస్తావా అని అడగాలి, ఒప్పుకుంటే కనీసం 25 శాతం సరుకు ఆ సంస్థకు ఇవ్వాలి. విడగొట్టడానికి వీల్లేని వస్తువైతే మొత్తం ఆర్డరే రావచ్చు. అయితే ఆ 100కు మీకు గిట్టుతుందా లేదా అన్నది మీ లెక్క, ఆశపడి ఒప్పుకుని తర్వాత గేజ్ (మందం) తగ్గించి రేకు వాడితే ఇన్‌స్పెక్షన్‌లో పట్టేస్తారు, పట్టేయాలి కూడా.

ఒక జాగ్రత్త. మినహాయింపు ఈఎండీకే, ఆర్డరు వచ్చాక పని సరిగా చేస్తామని హామీగా కట్టే పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి కాదు. అది బిడ్‌లో అడిగితే కట్టాల్సిందే, బ్యాంకు గ్యారంటీ అంటే మేనేజర్ ముందు నిలబడాల్సిందే. అలాగే ఇది సరుకులకు, సేవలకు సంబంధించిన విధానం, రోడ్లు, కల్వర్టులు, బిల్డింగులు కట్టే వర్క్స్ కాంట్రాక్టులకు కాదు. మా బావమరిదికి జడ్చర్లలో హౌస్‌కీపింగ్ మనుషులను పంపే చిన్న ఏజెన్సీ ఉంది, అతనికి పనికొస్తుంది. ఊళ్లో సీసీ రోడ్డు వేసే నా దోస్తుకు పనికిరాదు, అతను లెస్‌కు, అంటే అంచనా ధర కంటే తక్కువకు, వేసుకుని కొట్లాడుకోవాల్సిందే.

కేంద్ర సంస్థలు మన దగ్గర ఎక్కడున్నాయి అని అడుగుతారు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, చలకుర్తిలో, వట్టెంలో నవోదయ విద్యాలయాలు ఉన్నాయి, రైల్వే ఉంది, ఎఫ్‌సీఐ ఉంది, పోస్టాఫీసు, ఎల్ఐసీ, ప్రభుత్వ బ్యాంకులు ప్రతి పట్టణంలో ఉన్నాయి. వీళ్లంతా కుర్చీల నుంచి కర్టెన్ల దాకా ఏదో ఒకటి కొంటూనే ఉంటారు. జెమ్ పోర్టల్ 2016లో మొదలైంది, అందులో పాత బిడ్లు కూడా కనిపిస్తాయి, ఎవరు ఎంత కోట్ చేశారు, ఎవరికి వచ్చింది, ఎవరిని ఎందుకు తీసేశారు అన్నీ. నేను రెండో బిడ్ వేసే ముందు రెండు నెలలు రాత్రిపూట కూర్చుని అవే చదివాను. మా ఆవిడ "పరీక్షకు చదివినా కలెక్టర్ అయ్యేటోడివి" అంది. కానీ మన చుట్టుపక్కల ర్యాకు ఏ ధరకు పోతుందో నాకు తెలిసింది అక్కడే.

రెండోది చిన్న ఆర్డరు, 14 ర్యాకులు, వచ్చింది. అక్కడ ఇంకో దెబ్బ తిన్నాను. జెమ్‌లో మనం చెప్పే ధరలో జీఎస్టీ, రవాణా, వాళ్ల గుమ్మం దాకా చేర్చడం అన్నీ కలిసి ఉంటాయి. నేను టాటా ఏస్ కిరాయి వేసుకున్నాను కానీ వాళ్లకు కావాల్సింది రెండో అంతస్తులో అని బిడ్ చివర కొనేవాళ్లు పెట్టిన అదనపు షరతుల్లో ఉంది, అది చదవలేదు. లిఫ్ట్ లేదు. నలుగురం మెట్ల మీద మోశాం. మిగిలింది ఏమీ లేదు, కానీ "అనుభవం" అన్న గడిలో పెట్టడానికి ఒక కాగితం వచ్చింది, దాని విలువ ఆ తర్వాత తెలిసింది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది, లక్షల బిడ్ మీదికి పోకండి, ముందు ఒక చిన్నది పట్టండి. అదనపు షరతులు రెండుసార్లు చదవండి. అనుభవం, టర్నోవర్ విషయంలో చిన్న సంస్థలకు సడలింపు ఉందా అన్న వరుసలో 'యెస్' అని ఉందా 'నో' అని ఉందా చూసి మరీ వేయండి, 'నో' అని ఉంటే మీ ఉద్యమ్ అక్కడ ఆదుకోదు. మిమ్మల్ని తీసేస్తే ఊరుకోకండి, అభ్యంతరం పెట్టడానికి పోర్టల్లోనే వీలుంది, గడువు చాలా తక్కువ కాబట్టి రోజూ తెరిచి చూసుకోవాలి.

ఇక రాష్ట్ర ప్రభుత్వం సంగతి. పైన చెప్పిన 25 శాతం లెక్క కేంద్రానిదే, రాష్ట్ర శాఖలకు అది వర్తించదు, రెండూ ఒకటే అనుకుని చాలామంది దెబ్బ తింటున్నారు. మన రాష్ట్రానికి వేరే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ఉంది, దానికి డీఎస్సీ కావాలి. డీఎస్సీ అంటే మా గల్లీలో టీచర్ ఉద్యోగాల పరీక్ష, మా పక్క షాపాయన నిజంగానే "ఈ వయసుల నీకు టీచర్ నౌకరీ ఎందుకే" అన్నాడు. ఇది డిజిటల్ సంతకం, పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, గడువు అయిపోతే మళ్లీ తీసుకోవాలి. సరే, అవన్నీ నేర్చుకుంటాం. మాకు అసలు గొంతు నొక్కేది ప్యాకేజీలు. హాస్టళ్లకు మంచాలు, పరుపులు, ప్లేట్లు, ట్రంకు పెట్టెలు అన్నీ కలిపి, ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒకటే టెండరు పిలిచి, కోట్ల టర్నోవర్ ఉండాలని రాస్తే, మంచాలు చేసేవాడు పరుపులు ఎక్కడి నుంచి తేవాలి? చివరికి ఎవరో పెద్ద ఏజెన్సీ దక్కించుకుని, మంచాలు మాలాంటి వాళ్ల దగ్గరే సగం ధరకు చేయించుకుంటాడు. నేనూ చేశాను, అబద్ధమెందుకు. మంచాలు వేరు, పరుపులు వేరు, జిల్లాకొకటి వేరు చేసి పిలిస్తే ప్రభుత్వానికి పోయేదేముంది? పని ఎక్కువవుతుందని అధికారులు అంటారు, నిజమే, అవుతుంది.

డబ్బుల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం మోసం అవుతుంది. జెమ్‌లో సరుకు అందిందని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించిన 10 రోజుల్లో డబ్బు పడాలని నిబంధన, నాకు ఆ ర్యాకుల డబ్బు కొంచెం అటూ ఇటుగా వచ్చింది. కానీ ఒక ప్రభుత్వ హాస్టల్‌కు చేసిన మంచాల బిల్లు, 3 లక్షల 20 వేలు, 13 నెలలు ఆగింది. బడ్జెట్ రాలేదు, ట్రెజరీలో బిల్లుకు టోకెన్ పడలేదు, సార్ సెలవులో ఉన్నారు, కొత్త సార్ వచ్చారు. ఇనుము కొట్టుకు నేను కట్టాల్సిన బాకీకి మాత్రం సెలవు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కొనేది ప్రభుత్వమైనా సరే. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్లో ఫిర్యాదు పెడితే అది ఇలాంటి బకాయిల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోతుంది. ఆర్డరు తీసుకునే నాటికే ఉద్యమ్ ఉండాలి, లేకపోతే అక్కడ కూడా గొడవే. నేను పెట్టాను. నోటీసు వెళ్లిన కొద్ది వారాలకు అసలు వచ్చేసింది. వడ్డీ అడిగావా అంటే అడగలేదు, రేపు మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి కదా. ఇది నా పిరికితనమే కావచ్చు, నాలాంటి ఆరుగురి షాపును ఎవరైనా ఒకసారి నడిపి చూసి తర్వాత ఆ మాట అనాలి.

కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులను నేను అడిగేది పెద్ద సదస్సు కాదు, బొకేలు కాదు. నెలకు ఒక రోజు మిర్యాలగూడలో, దేవరకొండలో, నారాయణపేటలో, గద్వాలలో ఒక కంప్యూటర్, బిడ్ వేయడం వచ్చిన ఒక మనిషి, మా పక్కన కూర్చుని ఒక్క బిడ్ మొదటి నుంచి చివరిదాకా వేయించాలి, అంతే. ఇప్పుడు ఆ పని నెట్ సెంటర్లు, దళారులు చేస్తున్నారు, బిడ్‌కు ఇంతని తీసుకుంటున్నారు, తప్పయితే బాధ్యత వాళ్లది కాదు. రాష్ట్రం కూడా తన కొనుగోళ్లలో చిన్నవాళ్లకు ఇంత అని ఒక వాటా రాసి, ఏటా ఎంత కొన్నారో జిల్లాల వారీగా బయట పెట్టాలి. పెట్టకపోతే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద మనమే అడుగుదాం.

మీకు కూడా ఒక విన్నపం సార్. ఆ టెండర్ల పేజీలో పెద్ద పెద్ద ప్రకటనలు డబ్బులిచ్చి వేయించుకునేవి, వాటిని ఎట్లాగూ వేస్తారు. జిల్లా పేజీలో వారానికి ఒకసారి నాలుగు అంగుళాల చోటు ఇచ్చి, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరు ఏ చిన్న సరుకు అడుగుతున్నారు, ఆఖరు తేదీ ఎప్పుడు అన్నది మామూలు తెలుగులో వేయండి. మా షాపులో దాన్ని బీరువా కింద పరవనని మాట ఇస్తున్నాను.

ఈ నెలలో రెండు బిడ్లు వేశాను, ఒకటి ర్యాకులకు, ఒకటి బెంచీలకు. ఎంతకు వేశానో మాత్రం రాయను, మా గల్లీలో ఇంకో ఇద్దరు వెల్డింగ్ వాళ్లు ఉన్నారు, వాళ్లూ మీ పేపరే చదువుతారు.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమాని,
నల్లగొండ