పేరు తెలియని ఆటో అన్నకు

నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర మమ్మల్ని ఎక్కించుకున్న ఆటో అన్నా, మీకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు. "పెద్ద హోటళ్లు ఎక్కడికీ పోవు, ముందు కారం దోశ తినండి" అని మీరు ఆపిన బండి దగ్గర, ఎర్రకారం పూసి ఎర్రగా కాల్చిన దోశ తిని మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే ఇంకొకటి అడిగింది. మధ్యాహ్నం మీరు చెప్పిన మెస్సులో మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు, అదీ ముందురోజు కాచి ఉంచినది! ఊరిన పులుసుకే రుచి అన్న మీ మాట అక్షరాలా నిజం. రాత్రి వెళ్లిన ఏసీ హోటలూ బాగుంది, కాకపోతే బిర్యానీ కంటే కుర్చీలే నచ్చాయి. తాజా మలై కాజాల దుకాణం కూడా చూపించి, అదనంగా ఇవ్వబోతే వద్దన్నారు. ఒంగోలు చేరేలోపే కాజాల పెట్టె ఖాళీ.