పేషెంటుకు మందులు సరే, ఇంటివాళ్ల సంగతేమిటి?

సంపాదకుడికి,

నమస్కారం. ఈ ఏడాది ఇంతమందికి టీబీ బయటపడింది, ఇంతమందికి నయమైంది అని వార్తలు వస్తుంటాయి. ఆ పేషెంట్లతో ఒకే గదిలో పడుకున్నవాళ్లు ఎందరు, వాళ్లలో ఎందరికి పరీక్ష చేశారు అన్న లెక్క మాత్రం ఎక్కడా కనబడదు. ఆ లెక్క అడగడానికే ఈ లేఖ.

ఊపిరితిత్తుల టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. జబ్బు ఫలానా అని తేలేసరికే చాలామంది వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి దగ్గుతూ ఉంటారు. ఇంట్లో వాళ్లకు అంటుకోవాల్సింది చాలావరకు ఆ రోజుల్లోనే అంటుకుంటుంది. జబ్బు పేరు తెలిశాక కంచం, గ్లాసు వేరు చేస్తారు. గిన్నెల వల్ల, బట్టల వల్ల టీబీ రాదు. పేషెంటు మనసు నొచ్చుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. అసలు చేయాల్సిన పని ఇంట్లో అందరికీ పరీక్ష చేయించడం. అదే జరగడం లేదు.

క్రిమి ఒంట్లో చేరిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. జీవితకాలంలో నూటికి 5 నుంచి 10 మందికి వస్తుంది. అయితే ఆ ముప్పు అన్నేళ్లకూ సమానంగా ఉండదు, సోకిన మొదటి 2 ఏళ్లలోనే ఎక్కువ. అయిదేళ్లలోపు పిల్లల విషయం మరీ భయపెట్టేది. వాళ్లలో జబ్బు త్వరగా ముదిరి మెదడు పొరలదాకా పాకవచ్చు. పసిపిల్లలు కళ్లె తీసి ఇవ్వలేరు, తమకేమవుతోందో చెప్పలేరు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా టీబీ అని తేలితే మరుసటి వారం దాకా ఆగకుండా ముందు పిల్లల్ని చూడాలి.

మా బంధువుల్లో ఒకాయనకు టీబీ అని తేలినప్పుడు, ఆసుపత్రిలో ఇంటివాళ్ల గురించి ఒక్కమాటతో సరిపెట్టారు: ‘ఎవరికైనా దగ్గు వస్తే తీసుకురండి.’ ఆ ఇంట్లో మూడేళ్ల పాప ఉందని అడిగినవాళ్లు లేరు. దగ్గు వచ్చేదాకా ఆగమనడం చాలా పెద్ద పొరపాటు. పలు దేశాల్లో జనం మధ్యకు వెళ్లి చేసిన సర్వేల్లో, టీబీ ఉన్నట్టు తేలినవారిలో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ లక్షణాలే లేవు. అలాంటివాళ్లు ఎక్స్‌రే తీస్తేనే దొరుకుతారు. పేద, మధ్యస్థ ఆదాయ దేశాల అధ్యయనాలన్నీ కలిపి 2013లో వేసిన లెక్క ప్రకారం, పేషెంట్లతో దగ్గరగా మెలిగినవారిలో నూటికి సుమారు ముగ్గురికి అప్పటికే టీబీ ఉంది. వియత్నాంలో ఇంటివాళ్లను పిలిపించి, ఒక్కసారితో ఆపకుండా 2 ఏళ్లపాటు మళ్లీ మళ్లీ పరీక్షించారు. వాళ్లంతట వాళ్లు వచ్చేదాకా ఆగిన చోట్లకంటే రెండున్నర రెట్లు ఎక్కువ కేసులు బయటపడ్డాయని 2018లో ప్రచురించారు.

పరీక్షలో జబ్బు లేదని తేలినవాళ్లకు మరో అవకాశం ఉంది. అది రాకుండా ముందే ఇచ్చే మందు. ‘జబ్బే లేనివాడికి మాత్రలెందుకు?’ అని ఇంటివాళ్లు అడగడం న్యాయమే. దానికి ఓపికగా జవాబు చెప్పేవాళ్లు ఉండాలి. రోజూ వేసుకునే ఐసోనియాజిడ్‌ను 6 నెలలు వాడితే జబ్బు వచ్చే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుంది. రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒకసారి చొప్పున 12 వారాల్లో ముగిసే కోర్సూ ఉంది. కొందరికి కాలేయం మీద ప్రభావం పడవచ్చు కాబట్టి కళ్లు పచ్చబడినా, వాంతులైనా వెంటనే రమ్మని ముందే చెప్పాలి. టీబీ లేదని రూఢి చేసుకున్నాకే ఈ మందు మొదలుపెట్టాలి. లేకపోతే లోపలున్న క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇవేవీ కొత్త సంగతులు కావు. 2018లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కూర్చుని, 2022కల్లా పేషెంట్ల ఇళ్లలో అయిదేళ్లు దాటిన 2 కోట్ల మందికి ముందుజాగ్రత్త మందు ఇస్తామని మాటిచ్చాయి. గడువు ముగిసేసరికి అందింది దాదాపు 20 లక్షల మందికి, అంటే పదో వంతుకు. అయిదేళ్లలోపు పిల్లల్లో లక్ష్యం సగం దాటిందంతే. అదే కాలంలో కోవిడ్ వస్తే ఎవరెవరు ఎవరిని కలిశారో గంటల్లో ఆరా తీశాం. చేయడం తెలియక ఆగిపోయిన పని కాదిది.

ఇంటికి ఆరోగ్య కార్యకర్త వస్తే చుట్టుపక్కల తెలిసిపోతుందని భయపడే కుటుంబాలను తప్పుపట్టలేం. పనిచేసే చోట, చదువుకునే చోట పేషెంటు పేరు చెప్పకుండానే మిగతావాళ్లను పరీక్షకు పిలవవచ్చు, పిలవాలి కూడా. పరీక్ష కోసం రోజు కూలి పోగొట్టుకోమంటే ఎవరూ రారు. సాయంత్రం పూట, సెలవు రోజున పరీక్ష పెడితే వస్తారు. తిండి సంగతి కూడా మరవకూడదు. జార్ఖండ్‌లో పేషెంట్ల కుటుంబాలకు పోషకాహారం ఇచ్చి చూస్తే, ఇంటివాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. బలహీనంగా ఉన్న ఇంటికి మాత్రలతోపాటు తిండి కూడా చేరాలి.

ఆరోగ్య అధికారులను నేను కోరేది ఒక్కటే. నమోదైన ప్రతి పేషెంటుకు దగ్గరివాళ్లు ఎందరు, వారం రోజుల్లో వాళ్లలో ఎందరికి ఎక్స్‌రే తీశారు, ఎందరు ముందుజాగ్రత్త కోర్సు మొదలుపెట్టారు, ఎందరు పూర్తి చేశారు అన్న అంకెలు ప్రతి నెలా బయటపెట్టండి. సంపాదకుడు గారూ, అవి వచ్చిన రోజు మీ పత్రికలో మొదటి పేజీలో వేయండి. రాని నెల, రాలేదని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు