రెండో తెర వెలిగించిన అన్నకు, ఆయన స్నేహితురాలికి కృతజ్ఞతలు

ఉబుంటు (విండోస్ లాంటిదే, లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 వెర్షన్ నుంచి 24.04కి మారిన రోజు నుంచి నా ల్యాప్‌టాప్‌కి తగిలించిన పెద్ద మానిటర్ మూగబోయింది. ఇప్పుడు మళ్లీ మామూలుగా నడుస్తోంది. దీన్ని బాగుచేయించిన పుణ్యం పాత ఆఫీసులో నాకు సీనియర్ అయిన ఒకాయనది. పేరు రాయొద్దని ముందే చెప్పేశాడు కాబట్టి ఎప్పుడూ పిలిచినట్టే అన్న అని రాస్తాను. ఫోన్లో థ్యాంక్స్ చెబితే "సర్లే" అని పెట్టేసే మనిషి. అందుకే నలుగురికీ కనిపించేలా చెబుతున్నాను. ఆయన చేసిందేమిటో వివరంగా రాస్తే ఇదే చిక్కులో ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది కూడా.

నా పని అనువాదం. ఒక తెర మీద మూలం, ఇంకో తెర మీద నా ఫైలు ఉండాలి. అప్‌గ్రేడ్ అయ్యాక ల్యాప్‌టాప్ సొంత తెర శుభ్రంగా ఉంది, నెట్ ఉంది, సౌండ్ ఉంది. మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నిద్రపోతోంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిస్తే ఒకే ఒక్క తెర. ఇవ్వాల్సిన పని గడువు దగ్గరపడటంతో టెన్షన్ మొదలైంది.

సలహాలకు కొదవ లేదు. కేబుల్ మార్చమన్నవాళ్లు, మానిటర్ ప్లగ్ పీకి కాసేపాగి పెట్టమన్నవాళ్లు, లాగిన్ దగ్గర తెర మీద బొమ్మ చూపించే పద్ధతిని వేలాండ్ నుంచి ఎక్స్11కి మార్చమన్నవాళ్లు, అంతా ఊడబీకి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోమన్నవాళ్లు. అందరూ మంచి మనసుతోనే చెప్పారు, వాళ్లకూ నా థ్యాంక్స్. చిక్కేమిటంటే ఒక్కో సలహా ఒక్కో రోగానికి మందు. నా రోగమేదో ఇంకా తేలలేదు.

అన్నకు ఫోన్ చేస్తే మొదట అన్న మాట: "ఇక ఏమీ మార్చకు. రీస్టార్ట్ చేసి, సిస్టమ్ లేచేలోపు పెద్ద మానిటర్ వైపు చూడు." చూశాను. ల్యాప్‌టాప్ కంపెనీ లోగో పెద్ద మానిటర్ మీద కూడా కనిపించి, ఉబుంటు లోడ్ అవ్వగానే మాయమైంది. ఆ కాసేపట్లోనే కేబుల్, పోర్ట్, మానిటర్ మూడూ అనుమానితుల జాబితాలోంచి బయటికొచ్చాయి. లోగో కనిపించేటప్పటికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా రంగంలోకి దిగదు, అప్పుడు తెర నడిపేది ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌లోనే అమర్చి ఉండే ప్రోగ్రామ్. అంటే సామాను బాగానే ఉంది, లోపం ఆ తర్వాతి దశలో ఉంది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ బయటి మానిటర్ మీద లోగో రాదు, కాబట్టి రాకపోతే కేబుల్ పోయిందని తేల్చేయకూడదని కూడా ఆయనే చెప్పాడు.

తర్వాత ఒక ఫోల్డర్ చూడమన్నాడు. లినక్స్‌లో "సిస్" కింద "క్లాస్", దాని కింద "డీఆర్‌ఎం" అని ఒక ఫోల్డర్ ఉంటుంది. సిస్టమ్‌కి తెలిసిన ప్రతి డిస్‌ప్లే పోర్ట్‌కీ అందులో ఒక పేరు ఉంటుంది, ఆ పేరు లోపల "స్టేటస్" అనే చిన్న ఫైలు. దాంట్లో "కనెక్టెడ్" అనో "డిస్‌కనెక్టెడ్" అనో ఉంటుంది. నా దాంట్లో ఉన్నది ఈడీపీ-1 ఒక్కటే, అది ల్యాప్‌టాప్ సొంత తెర. పెద్ద మానిటర్ తగిలించిన పోర్ట్ హెచ్‌డీఎంఐ, ఆ పేరే లేదు.

నాకు అదేం పెద్ద విషయంగా అనిపించలేదు. అన్న మాత్రం అక్కడే ఆగాడు. "డిస్‌కనెక్టెడ్ అని ఉంటే పోర్ట్ ఉంది, మానిటర్ కనబడలేదు అని అర్థం. పేరే లేదంటే సిస్టమ్‌కి అసలు ఆ పోర్ట్ ఉన్నట్టే తెలీదు. రెండూ వేరు." నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు: ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్‌ది ఒకటి, విడిగా ఇంకొకటి. లోపలి తెర వైరింగ్ ఇంటెల్ చిప్‌కి వెళ్తుంది, హెచ్‌డీఎంఐ పోర్ట్ వైరింగ్ విడి చిప్‌కి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇదే అమరికట. విడి చిప్‌కి డ్రైవర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) లోడ్ కాకపోతే లోపలి తెర నిక్షేపంగా నడుస్తుంది, బయటి పోర్ట్ మాత్రం లేనట్టే లెక్క. నా తెర బాగానే ఉంది కదా, గ్రాఫిక్స్‌కి ఏమవుతుంది అనుకోవడానికి లేదన్నమాట.

పక్కనున్న యూఎస్‌బీ-సీ పోర్ట్ నుంచి తీసుకోవచ్చా అని అడిగాను. పోర్ట్ ఆకారం ఒకటే అయినంత మాత్రాన అన్నిట్లోంచీ బొమ్మ రాదు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే బొమ్మ పంపే సదుపాయం ఉన్న వాటి నుంచే వస్తుంది అన్నాడు. నా దానికి లేదు. ఆ దారి అక్కడితో మూసుకుంది.

ఆ తర్వాత "ఎల్‌ఎస్‌పీసీఐ డ్యాష్ కే" కమాండ్ కొట్టించాడు. ఏ చిప్‌ని ఏ డ్రైవర్ నడుపుతోందో చూపించే కమాండ్ అది, దేన్నీ మార్చదు. ఇంటెల్ చిప్ కింద రెండు లైన్లున్నాయి: "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒకటి, "కెర్నల్ మాడ్యూల్స్" అని ఇంకొకటి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మాడ్యూల్ అంటే దానికి తగిలించే డ్రైవర్ లాంటి ముక్క. విడి చిప్ కింద రెండోదే ఉంది, మొదటిది లేదు. ఎర్ర అక్షరాల ఎర్రర్ కోసం వెతుకుతున్న నాకు ఆ లేని లైను కనిపించనే లేదు. అన్న దాన్ని స్క్రీన్‌షాట్‌లో గుర్తుపట్టి వేలు పెట్టి చూపించినట్టు చెప్పాడు: డ్రైవర్ డిస్క్‌లో ఉంది, కానీ దాన్ని ఎవరూ లోపలికి రానివ్వలేదు.

ఎందుకు రానివ్వలేదో తెలుసుకోవడానికి ఆ మాడ్యూల్‌ని చేత్తో లోడ్ చేయించాడు. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని ఒక్క వాక్యం వచ్చింది. కథంతా అందులోనే ఉంది.

సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఫర్మ్‌వేర్ ఏర్పాటు. అది ఆన్‌లో ఉన్న మెషీన్‌లో కెర్నల్ ప్రతి మాడ్యూల్ మీదా డిజిటల్ సంతకం చూస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదనుకోండి, మనిషి ఎంత మంచివాడైనా తన రిజిస్టర్‌లో లేని కార్డు చూపిస్తే పంపడు. 22.04లో నేను వాడిన డ్రైవర్ మాడ్యూల్ ఉబుంటు వాళ్లే సంతకం పెట్టి ఇచ్చినది, కాబట్టి అడ్డు రాలేదు. 22.04 మొదట వచ్చింది 5.15 కెర్నల్‌తో, 24.04 వచ్చింది 6.8తో. కెర్నల్ మారితే బయటి మాడ్యూల్స్ దానికి తగ్గట్టు కొత్తవి కావాలి. ఈసారి నా దాంట్లో డ్రైవర్ డీకేఎంఎస్ రూపంలో వచ్చింది, అంటే నా మెషీన్ మీదే కంపైల్ అయి (కోడ్ నుంచి తయారై), నా మెషీన్ మీదే తయారైన కీతో, అంటే డిజిటల్ ముద్రతో, సంతకం పడింది. ఆ కీ ఫర్మ్‌వేర్ దగ్గర నమోదు కాలేదు. డ్రైవర్ తప్పూ కాదు, ఉబుంటు తప్పూ కాదు, ల్యాప్‌టాప్ తప్పు అంతకన్నా కాదు. నమోదు ఒక్కటి మిగిలిపోయింది.

ఆ నమోదు జరిగే చోటు నీలం తెర. మోక్ మేనేజర్ అంటారు. మోక్ అంటే మెషీన్ ఓనర్ కీ, మెషీన్ యజమాని తనంతట తాను నమ్ముతున్నానని ఒప్పుకున్న కీ. రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఆ తెర వచ్చి, కీబోర్డ్ మీద ఏదో ఒక కీ నొక్కమని 10 సెకన్లు లెక్కపెడుతుంది. నొక్కకపోతే ఏమీ అనకుండా మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్లీ దానంతట అది అడగదు. ఎర్రర్ రాదు, గుర్తు చేయదు. ఇంత ముఖ్యమైన ప్రశ్నకు 10 సెకన్లేమిటని నా గొడవ. యజమాని ఎదురుగా ఉన్నాడని నిర్ధారణ కావాలి కదా అని అన్న సమాధానం. నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు గానీ, దూరం నుంచి చొరబడినవాడు కీబోర్డ్ మీద ఆ కీ నొక్కలేడన్నది నిజమే.

చేయాల్సింది చూస్తే చిన్న పని. "మోక్‌యుటిల్" కమాండ్‌తో ఆ కీ ఫైలుని ఇంపోర్ట్ చేయాలి. అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఇక్కడ అన్న ఆపి, "చిన్న బడి అక్షరాలే పెట్టు, గుర్తులేవీ వద్దు. నీలం తెర దగ్గర కీబోర్డ్ అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది, నీ లేఅవుట్ వేరైతే గుర్తులు తారుమారవుతాయి" అన్నాడు. ఈ పాస్‌వర్డ్ ఒక్కసారికే, లాగిన్ పాస్‌వర్డ్‌తో దీనికి సంబంధం లేదు. తర్వాత రీస్టార్ట్. అప్పటిదాకా స్క్రీన్ షేర్‌లో ఉన్నాం, రీస్టార్ట్ అయితే అది తెగిపోతుంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. నీలం తెర రాగానే ఒక కీ నొక్కి, "ఎన్‌రోల్ మోక్", "కంటిన్యూ", "యెస్", పాస్‌వర్డ్, "రీబూట్". ఒక్కోటి నేను చదవడం, ఆయన "ఊ" అనడం. ఉబుంటు లోడ్ అవుతుండగా పెద్ద మానిటర్ వెలిగింది. నేను అరిచిన అరుపుకి అవతల అన్న నవ్వు. ఆ నవ్వులోనే "ముందు ఎల్‌ఎస్‌పీసీఐ చూడు" అన్నాడు. లేని లైను ఇప్పుడుంది.

సెక్యూర్ బూట్ ఆపేస్తే ఒక్క నిమిషంలో తేలేదిగా అని చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. మాట నిజమే, ఆపేస్తే కెర్నల్ ఈ సంతకాల దగ్గర పట్టుబట్టదు. కానీ నా ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉంది, దాని డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం ఉంది. సెక్యూర్ బూట్ స్థితి మారిస్తే బిట్‌లాకర్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఎక్కువ. అది చేతిలో లేనివాడికి మానిటర్ గొడవ కాస్తా డిస్క్ గొడవ అవుతుంది. అన్న మొదట్లోనే "విండోస్ ఉందా? బిట్‌లాకర్ ఉందా?" అని అడిగింది ఇందుకేనని తర్వాత అర్థమైంది. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

ఇంకొకరికి కూడా కృతజ్ఞతలు చెప్పాలి. మానిటర్ వచ్చాక మౌస్ కదలిక బరువుగా, ఈడ్చినట్టు ఉండేది. అన్నకు చెబితే తన స్నేహితురాలిని లైన్‌లోకి తెచ్చాడు. ఆవిడ అడిగినవి రెండే: రిఫ్రెష్ రేట్ (తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) ఎంత ఉంది, కేబుల్ ఏది? చూస్తే 4కే రిజల్యూషన్ దగ్గర 30 హెర్ట్జ్. సలహాల సందట్లో కేబుల్ మారింది కదా, అప్పుడు పెట్టిన పాతకాలం కేబులే ఇంకా ఉండిపోయింది. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 ప్రకారం 4కే అంటే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగాలి. 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 స్థాయి వేగం, సెకనుకు 18 గిగాబిట్లు మోయగల కేబుల్ ఉండాలి. మానిటర్‌తో వచ్చిన కేబుల్ తిరిగి పెట్టగానే 60 వచ్చింది. మేడమ్, మీకు నేనెవరో కూడా తెలీదు, అయినా రాత్రి పూట ఓపిగ్గా మాట్లాడారు. చాలా థ్యాంక్స్.

అన్న దగ్గర నాకు బాగా నచ్చింది ఆయన వరస. చూసే కమాండ్లన్నీ ముందు, మార్చే కమాండ్ ఆఖరున ఒక్కటి. ప్రతిదానికీ ముందు అదేం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పడం. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఒప్పుకోడు, ఉన్నది ఉన్నట్టు మొత్తం పంపమంటాడు. పాత కెర్నల్‌ని అప్పుడే తీసేయకు, గ్రబ్ మెనూలో (మెషీన్ లేచేటప్పుడు దేన్ని లోడ్ చేయాలో ఎంచుకునే జాబితా) ఉండనీ అని కూడా చెప్పాడు. తెలివైనవాళ్లు చాలామంది ఉంటారు గానీ, అవతలివాడి మెషీన్‌ని తన మెషీన్ అనుకుని జాగ్రత్తపడేవాళ్లు తక్కువ.

ఈ కీ ఒకసారి నమోదైతే ఉండిపోతుంది. తర్వాతి కెర్నల్ అప్‌డేట్లలో డ్రైవర్ మళ్లీ కంపైల్ అయినా అదే కీతో సంతకం పడుతుంది కాబట్టి నీలం తెర మళ్లీ రానక్కర్లేదు. నిన్న ఒక కెర్నల్ అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేశాను, రెండు తెరలూ వచ్చాయి. అన్నా, నువ్వడిగిన డీకేఎంఎస్ లాగ్ మెయిల్ చేశాను, తీరిక దొరికినప్పుడు చూడు. తొందరేం లేదు. గడువులోపు పని కూడా ఇచ్చేశాను.