డ్రా అందరి కళ్ల ముందే తీయాలి

సంపాదకుడు గారికి,

టెన్నిస్‌లో పెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లకు డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే పట్టిక, వెలువడిన ప్రతిసారీ అదే గొడవ. ఫలానా ఆటగాడికి సులువైన దారి ఇచ్చారని, ఫలానా ఆటగాడిని కావాలనే ఇరికించారని అభిమానులు మండిపడతారు. ఈ ఆరోపణల్లో చాలావాటికి ఆధారం లేదని నా నమ్మకం. కానీ అనుమానం తీర్చే మార్గం ఉండి కూడా నిర్వాహకులు దాన్ని వాడుకోకపోవడం నాకు మింగుడుపడదు.

సింగిల్స్‌లో 128 మంది ఆడితే 32 మందికి సీడింగ్ ఉంటుంది, అంటే మేటి ఆటగాళ్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా వారిని పట్టికలో దూరదూరంగా ఉంచుతారు. ఒకటో సీడ్ పట్టికలో పైన, రెండో సీడ్ అడుగున ఉంటారు. మూడు, నాలుగు సీడ్లు ఈ ఇద్దరిలో ఎవరి వైపు పడతారన్నది చీటీలోనే తేలాలి. సీడింగ్ లేని 96 మందికి మాత్రం అంతా అదృష్టమే. తొలి రౌండ్‌లోనే ఎవరో ఒక సీడ్ తగిలే అవకాశం మూడింట ఒక వంతు. 2019 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (అర్హత పోటీలు) దాటి వచ్చిన మన సుమిత్ నాగల్‌కు తొలి మ్యాచ్‌లోనే ఫెదరర్ ఎదురయ్యాడు. మొదటి సెట్ గెలుచుకుని కూడా చివరకు ఓడిపోయాడు. 2024 ఫ్రెంచ్ ఓపెన్‌లో, గాయాల వల్ల ర్యాంకు పడిపోయి సీడింగ్ దక్కని నడాల్‌కు నాలుగో సీడ్ జ్వెరెవ్ పడ్డాడు. పద్నాలుగుసార్లు టైటిల్ గెలిచిన చోట నడాల్ తొలి రౌండ్‌లోనే వెనుదిరిగాడు. టీవీ ప్రేక్షకుల కోసం డ్రా అల్లేవారే ఉంటే ఇలా అల్లుతారా? 2010 వింబుల్డన్‌లో ఒకే మ్యాచ్‌ను మూడు రోజులపాటు ఆడిన ఇస్నర్, మహూ మరుసటి ఏడాది అక్కడే మళ్లీ తొలి రౌండ్‌లో తలపడ్డారు. చీటీలు నిజాయితీగా తీసినా ఇలాంటి వింతలు జరుగుతాయి.

అయితే 1996 యూఎస్ ఓపెన్‌ను మరువలేం. ఆ ఏడాది ర్యాంకుల వరుసను పక్కనపెట్టి సీడింగ్ ఇచ్చారు. రెండో ర్యాంకు ముస్టర్ మూడో సీడ్ అయ్యాడు. నాలుగో ర్యాంకు కాఫెల్నికోవ్‌ను ఏడుకు దించి, ఎనిమిదో ర్యాంకులో ఉన్న అమెరికన్ అగస్సీని ఆరుకు ఎక్కించారు. పైగా సీడ్లు ఎవరో ప్రకటించకముందే మిగతావారి డ్రా తీసేశారు! ఆటగాళ్లు తిరగబడితే డ్రా మళ్లీ తీయవలసి వచ్చింది. కాఫెల్నికోవ్ టోర్నీ నుంచే తప్పుకున్నాడు. 2011లో అమెరికా క్రీడా చానెల్ ఈఎస్‌పీఎన్ పదేళ్ల యూఎస్ ఓపెన్ డ్రాలను పరిశీలించి, మొదటి ఇద్దరు సీడ్లకు తొలి రౌండ్‌లో ఉండవలసిన దానికన్నా బలహీనమైన ప్రత్యర్థులు పడ్డారని చెప్పింది. నిర్వాహకులు కాదన్నారు. ఎవరి మాట నిజమో బయటివారు తేల్చుకునే వీలే లేకపోయింది.

ఆ వీలు కల్పించడం కష్టమేమీ కాదు. ఆటగాళ్లందరికీ వరుస సంఖ్యలు ఇచ్చి, ఆ జాబితాను ముందురోజే ప్రకటించాలి. డ్రా తీసే కంప్యూటర్ ఏ సంఖ్యతో మొదలుపెట్టాలో వేదికపై పాచికలు వేసి నిర్ణయించాలి. డ్రా తీసే ప్రోగ్రామును కూడా బయటపెడితే, ఆసక్తి ఉన్నవారెవరైనా అదే సంఖ్యతో తమ ఇంట్లో నడిపించి అదే పట్టిక వస్తుందో లేదో చూసుకోవచ్చు. వందో ర్యాంకు చుట్టుపక్కల ఉన్నవారికి ఇది బతుకుతెరువు సమస్య. 2024 వింబుల్డన్‌లో తొలి రౌండ్‌లో ఓడితే 60 వేల పౌండ్లు, రెండో రౌండ్‌కు చేరితే 93 వేలు. శిక్షకుడి జీతం, ప్రయాణాలు ఆ తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

తెలుగు రాష్ట్రాల జూనియర్ టోర్నీల నిర్వాహకులకూ ఇదే నా విన్నపం. డ్రా సమయాన్ని ముందే ప్రకటించి, తల్లిదండ్రులను, పిల్లలను పిలిచి వారి ఎదుటే చీటీలు తీయండి. దీనికి ఖర్చేమీ లేదు.

— ఒక టెన్నిస్ శిక్షకుడు, విజయవాడ